సాల్మొనెల్లాలో సీఎస్ఆర్ఏ నిజంగా దాడికి బ్రేకు వేస్తోందా, ల్యాబ్‌లో తేల్చుకోవడం ఎలా

మొన్న మా జూనియర్ వచ్చి, అన్నా సాల్మొనెల్లాలో (పేగుల్లో ఇన్ఫెక్షన్ తెచ్చే బ్యాక్టీరియా) సీఎస్ఆర్ఏ జీన్ తీసేశాను, బ్యాక్టీరియా కణాల్లోకి దూరట్లేదు, ప్రూవ్ అయిపోయినట్టేగా అన్నాడు. అయిపోలేదు తమ్ముడూ, అసలు పని ఇప్పుడే మొదలు.

సీఎస్ఆర్ఏ చాలా బుల్లి ప్రొటీన్, 61 అమైనో ఆసిడ్లే, రెండు కలిసి జంటగా ఉంటాయి, ఆర్ఎన్ఏలో జీజీఏ అక్షరాలు కనిపిస్తే పట్టుకుంటాయి. హిల్‌డీ అనేది దాడి జీన్లని ఆన్ చేసే ప్రొటీన్, దాని ఎంఆర్ఎన్ఏ మీద, ప్రొటీన్ తయారుచేసే రైబోజోమ్ కూర్చోవాల్సిన చోట ఇది ముందే వాలిపోతుంది, బస్సులో సీటు మీద కర్చీఫ్ వేసినట్టు. దాంతో హిల్‌డీ ప్రొటీన్ తయారవ్వదు, అది లేకపోతే దాని కింద పనిచేసే హిల్‌ఏ జీన్ ఆన్ అవ్వదు, మన పేగు కణాల్లోకి గుచ్చే సిరంజీ తయారవ్వదు. సీఎస్ఆర్‌బీ, సీఎస్ఆర్‌సీ అనే చిన్న ఆర్ఎన్ఏలు పెరిగినప్పుడు వాటి ఒంటినిండా ఉన్న జీజీఏలు సీఎస్ఆర్ఏని లాగేసుకుంటాయి, సీటు ఖాళీ అవుతుంది.

మరైతే సీఎస్ఆర్ఏ తీసేస్తే దాడి పెరగాలిగా? పెరగదు, తగ్గుతుంది, ఎక్కువగా తయారు చేయించినా తగ్గుతుంది! పూర్తిగా తీసేస్తే బ్యాక్టీరియా సరిగా పెరగలేక కుంటుతుంది, అందుకే ముందు గ్రోత్ కర్వ్ చూడండి. ప్లేటు మీద చిన్న కాలనీల మధ్య ఒకటి బొద్దుగా కనిపిస్తే అబ్బ బాగుందని దాన్ని ఎత్తకండి, అది ఇంకెక్కడో మ్యుటేషన్ తెచ్చుకుని తప్పించుకున్న రకం అయ్యుండొచ్చు, నేను అలాంటిదాంతో రెండు నెలలు పోగొట్టుకున్నా.

నా సలహా అయితే సీఎస్ఆర్ఏ జోలికి పోకుండా సీఎస్ఆర్‌బీ, సీఎస్ఆర్‌సీ రెండూ తీసెయ్యండి (సీఎస్ఆర్ఏని లాగేవి ఉండవు కాబట్టి దాడి తగ్గాలి), లేదా హిల్‌డీ ముందుభాగంలో జీజీఏ మార్చండి. మార్చేటప్పుడు జాగ్రత్త, రైబోజోమ్ పట్టుకునే చోటులోనే జీజీఏ ఉంటే దాన్ని చెడగొట్టి ట్రాన్స్‌లేషన్ పడిపోయిందని సంబరపడకూడదు. లాక్‌జెడ్ ఫ్యూజన్ (హిల్‌డీ ఎంత తయారవుతోందో కొలవడానికి దానికి లాక్‌జెడ్ జీన్ అతికించడం) పెడితే ప్రొమోటర్, అంటే జీన్‌ని ఆన్ చేసే స్విచ్, బయటిది పెట్టండి, ఎందుకంటే హిల్‌డీ తన ప్రొమోటర్‌ని తనే ఆన్ చేసుకుంటుంది, ఆ గోలలో ఏది ఏ ఎఫెక్టో తెలీదు.

తర్వాత జెల్ షిఫ్ట్, అంటే ప్రొటీన్ పట్టుకున్న లేబుల్ వేసిన ఆర్ఎన్ఏ జెల్‌లో నెమ్మదిగా కదులుతుందో లేదో చూడటం. ఇక్కడ రెండు గుంటలున్నాయి, ఎవరూ ముందే చెప్పరు. టీ7 ఎంజైముతో ఆర్ఎన్ఏ చేస్తే మొదట్లో జీజీజీ వస్తుంది, దాని పక్కన ఏ పడిందంటే మీరే చేత్తో ఒక కొత్త జీజీఏ సైటు కట్టిపెట్టినట్టు. రెండోది, ఈ.కోలైలో ప్రొటీన్ చేసి నికెల్ కాలమ్ మీద తీస్తే హెచ్ఎఫ్‌క్యూ అనే ఈ.కోలై ప్రొటీన్ కూడా వెంట వచ్చేస్తుంది, అదీ ఆర్ఎన్ఏని పట్టుకునేదే! కాబట్టి ప్రొటీన్ జెల్ మీద శుభ్రంగా ఉందో లేదో చూస్కోండి, లేబుల్ లేని అదే ఆర్ఎన్ఏతో ఒక లేను, సంబంధం లేని ఆర్ఎన్ఏతో ఇంకో లేను తప్పనిసరి.

చివర్లో హీలా కణాలు, అంటే ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలు. మామూలు స్ట్రెయిన్, మార్చిన స్ట్రెయిన్ రెండూ ఒకే ఓడీ (కల్చర్ ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) దగ్గర తీస్కుని, ఎన్ని వేశారో అదే రోజు ప్లేట్ చేసి లెక్కపెట్టండి, గంట ఇన్ఫెక్షన్, తర్వాత మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల జెంటమైసిన్ యాంటీబయాటిక్‌తో ఇంకో గంట, బయటున్నవి చస్తాయి, లోపలివి బతుకుతాయి. కణాల్ని పగలగొట్టే ముందు ఆఖరి వాష్ నీళ్ళు కూడా ఓ ప్లేటు మీద పోయండి, అందులో కాలనీలు కుప్పలుగా వస్తే ఆ రోజు లెక్కలు పనికిరావు, మళ్ళీ చెయ్యాల్సిందే.