మిగిలిన క్రాఫ్ట్ కాగితంతో ట్యాగులు: ముందు అట్ట, తర్వాతే అలంకారం

పిల్లల ప్రాజెక్టులకి కొన్న రంగు కాగితంలో మిగిలిన ముక్కలు, పెళ్లయ్యాక బీరువాలో ఉండిపోయిన శుభలేఖలు, పట్టుచీర పెట్టెలోని అట్ట, ఇవేవీ పారేయకండి. మా బరంపురంలో సారె డబ్బాలకీ, చుట్టాలకి పంపే అప్పడాల పొట్లాలకీ, ఆవకాయ సీసాలకీ ట్యాగుల అవసరం ఏడాది పొడుగునా ఉంటుంది. బజార్లో కొన్నవాటికంటే ఇంట్లో చేసినవే బాగుంటాయి, కాకపోతే అట్ట గట్టిగా ఉండాలి. చాలామంది మెరుపులూ పూసలూ అతికించడంతో మొదలుపెడతారు, ఆ బరువుకి పలచటి కాగితం వంగిపోయి పడిన కష్టమంతా వృథా అవుతుంది.

జిరాక్స్ కాగితం 70, 80 జీఎస్ఎం (అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) ఉంటుంది, ట్యాగుకి 250 దాకా ఉంటే బాగా నిలబడుతుంది. మందంగా ఉన్న శుభలేఖ అయితే నేరుగా కోసేయొచ్చు. కాగితం పలచగా ఉంటే మాత్రం పొరలు వేయాల్సిందే. మన ఒడిశాలో గంజపా పేకముక్కల్ని చేసేది కూడా ఇలాగే, బట్ట పొరల్ని చింతపిక్కల జిగురుతో అతికించి, సుద్ద పూసి, ఆరాక గుండ్రంగా కోస్తారు. మనకి ఫెవికాల్ చాలు. కొద్దిగా నీళ్లు కలిపి, పాత బ్రష్షుతో మధ్యలోంచి అంచులకి పలచగా పూయండి. అట్టకి ఒకవైపే రంగు కాగితం అతికిస్తే తడికి సాగిన ఆ కాగితం ఆరేటప్పుడు ముడుచుకుని అట్టని తనవైపు లాగేస్తుంది, అందుకని రెండో వైపు కూడా అదే మందం ఉన్న కాగితం అతికించాలి, అది తెల్లదైనా ఫరవాలేదు. పైనా కిందా ప్లాస్టిక్ కవరు వేసి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి. మాకు గోపాలపూర్ సముద్రం దగ్గర కాబట్టి వానాకాలంలో గాలంతా చెమ్మే, అప్పుడు ఇంకో రోజు ఉంచడం మంచిది. ఆరకముందు మాత్రం కోయొద్దు, అంచులు పీచులు లేస్తాయి.

కోసేముందు అట్టని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా మెల్లగా వంచి చూడండి. ఏ వైపు సులువుగా వంగితే ఆ మడత గీత పడే దిక్కులోనే కాగితం పీచు ఉన్నట్టు. ట్యాగు పొడవు ఆ దిక్కునే రావాలి, అప్పుడు వేలాడదీసినా తిన్నగా ఉంటుంది. 5 సెంటీమీటర్ల వెడల్పు, 9 పొడవు పెట్టుకుంటే ఒక ఏ4 అట్టలో 12 వస్తాయి. పై రెండు మూలల్లో అటూ ఇటూ 1.5 సెంటీమీటర్ల దగ్గర చుక్క పెట్టి ఏటవాలుగా కోసేస్తే ట్యాగు ఆకారం వచ్చేస్తుంది. స్టీలు స్కేలు, కొత్త బ్లేడు వేసిన కట్టర్ వాడండి, ఒకేసారి గట్టిగా నొక్కకుండా రెండు మూడుసార్లు తేలిగ్గా గీయండి. పిల్లలతో చేయిస్తుంటే కత్తెర చాలు.

చిల్లు పై అంచుకి కనీసం ఒక సెంటీమీటరు కింద ఉండాలి, లేకపోతే దారం లాగగానే చిరుగుతుంది. ఆఫీసు పంచింగ్ మెషీన్‌తో చిల్లు పెట్టి, దాని చుట్టూ వేరే రంగు కాగితంతో చిన్న వలయం కోసి అతికించండి, చిల్లుకి బలం వస్తుంది, చూడ్డానికీ బాగుంటుంది.

ఇప్పుడు అలంకారం. గోరంత ముక్కలు కూడా పనికొచ్చేది ఇక్కడే. బరంపురం పట్టుచీర అంచుమీద గుడి గోపురాల్లా వరసగా లేచే కుంభ ఉంటుంది కదా, మిగిలిన కాగితం పేలికల్ని చిన్న త్రికోణాలుగా కోసి ట్యాగు కింది అంచున వరసగా అతికించండి, ముదురు ఎరుపు అట్టమీద పసుపు త్రికోణాలైతే నాకు చాలా ఇష్టం. గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం ఉంటే గజపతి, రాయగడ జిల్లాల సవర గిరిజనుల బొమ్మల తీరు నప్పుతుంది: ముందు చుట్టూ అంచు గీసి, తర్వాత లోపల మనుషులూ చెట్లూ నెమళ్లూ తెల్ల జెల్ పెన్నుతో వేయండి. అవి సవరలు తమ దేవతల కోసం గోడలమీద వేసుకునే బొమ్మలు, కాబట్టి ఒక చెట్టో, రెండు నెమళ్లో తీసుకుంటే చాలు, మొత్తం పటాన్ని ట్యాగుమీదకి దించకండి. ఎలా చేసినా సగం స్థలం ఖాళీగా వదలండి, పేరు రాయాలి కదా. మాలాగా తెలుగు, ఒడియా ఇళ్లు రెండింటికీ పంపేవాళ్లు ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఒడియాలో రాస్తే అందుకున్నవాళ్లకి ఎంత సంతోషమో! రెండూ గుండ్రటి అక్షరాలే, సన్నటి మొన పెన్ను అయితే గుడులు పూడిపోవు.

దారం 25 సెంటీమీటర్లు ఉంటే చాలు. సగానికి మడిచి, మడతని చిల్లులోంచి ఇవతలికి తీసి, రెండు కొసలూ ఆ మడతలోంచి దూర్చి లాగండి. పట్టుదారం కొస విడిపోతుంటే కాస్త జిగురు అంటించి ఆరనివ్వండి.

ఆవకాయ సీసాకి కట్టేటప్పుడు మెడ చుట్టూ నూనె పూర్తిగా తుడిచి, దారాన్ని మూత కిందుగా కట్టండి. ఎంత తుడిచినా నూనె మళ్లీ పైకి వస్తూనే ఉంటుంది కాబట్టి సీసాల ట్యాగులకి రెండువైపులా వెడల్పాటి సెల్లోటేపు అతికించి, చిల్లు ఆ తర్వాతే పెట్టండి.