ఓవెన్‌లో రొయ్యలు: గట్టిపడకుండా, నీళ్లు ఊరకుండా

రొయ్యల ఇగురు బ్రహ్మాండంగా వండేవాళ్లకి కూడా ఓవెన్‌లో పెడితే రొయ్యలు రబ్బరులా సాగుతుంటాయి. ఇగురు అలవాటే దానికి కారణం. అక్కడ ఊరిన నీళ్లన్నీ ఇగిరేదాకా పొయ్యి మీద ఉంచుతాం, రొయ్య కాస్త గట్టిపడినా మసాలా ఆదుకుంటుంది. ఓవెన్‌లో ఆ దారి లేదు. నీళ్లు ముందే తీసెయ్యాలి, రొయ్య ఉడికీ ఉడకగానే బయటికి తీసెయ్యాలి.

కిలోకి 30 తూగే రొయ్యలు, అంటే 30 కౌంట్, దీనికి సరైన సైజు. వనామీ అయినా టైగర్ అయినా ఫర్వాలేదు. 100 కౌంట్ చిన్న రొయ్యలు వేపుడుకి పనికొస్తాయి గానీ, ఓవెన్‌లో ఇట్టే ఎండిపోతాయి. తలా పొట్టూ తీస్తే బరువు దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి ముగ్గురికి కిలో కొనండి. తల దగ్గర కాస్త నల్లబడినంత మాత్రాన పాడైనట్టు కాదు. అమ్మోనియా వాసన వచ్చినా, చేతికి జిగురు తగిలినా మాత్రం తీసుకోవద్దు. ఫ్రీజర్‌లోవైతే ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. వేడినీళ్లలో వేస్తే పైభాగం ఉడికిపోయి లోపల మంచు అలాగే ఉంటుంది.

ఒలిచి, తోక ఉంచి, వీపు మీద గాటు పెట్టి నల్ల నరం లాగెయ్యండి. ఉప్పు, పసుపు వేసి ఒక్కసారి కడిగి జల్లెడలో పది నిమిషాలు వార్చండి. తర్వాత పొడి నూలు గుడ్డ మీద పరిచి పైన ఇంకో గుడ్డతో అద్దండి. బద్ధకించకూడని పని ఇదే. తడి ఉంటే ఓవెన్ వేడంతా ఆ నీటిని ఆవిరి చెయ్యడానికే పోతుంది, రొయ్యలు కాలవు, ఉడుకుతాయి.

అరకిలో ఒలిచిన రొయ్యలకి రెండు టేబుల్ స్పూన్ల నూనె, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, టీస్పూను కారం, టీస్పూను మిరియాల పొడి, ముప్పావు టీస్పూను ఉప్పు, పావు టీస్పూను పసుపు, రెండు రెమ్మల కరివేపాకు చాలు. వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి నూనెలో కలపండి. సన్నగా తరిగితే మాడి చేదెక్కుతుంది. ఉప్పు చివర్లో, ట్రేలోకి వెళ్లే ముందే వెయ్యండి, లేకపోతే మళ్లీ నీళ్లు ఊరతాయి. నిమ్మరసం ఇప్పుడు వద్దు. పులుపులో నానితే రొయ్య ఓవెన్‌లోకి వెళ్లకముందే తెల్లబడి బిగుసుకుంటుంది.

ఓటీజీలో, అంటే రాడ్లతో వేడెక్కే చిన్న కరెంటు ఓవెన్‌లో, పై రాడ్డూ కింది రాడ్డూ రెండూ వేసి, 220 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు వేడెక్కించండి. ఖాళీ ట్రే కూడా లోపలే ఉండాలి. అది లోహపుదే కావాలి. వేడెక్కిన గాజు పాత్రలో చల్లటి రొయ్యలు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. మైక్రోవేవ్ ఓవెన్ అయితే వేడిగాలితో కాల్చే కన్వెక్షన్ మోడ్‌లోనే, కంపెనీ చెప్పిన పాత్రతోనే చెయ్యండి.

వేడి ట్రే మీద రొయ్యలు ఒకదానికొకటి తగలకుండా ఒకే వరసగా పరవాలి. పట్టకపోతే రెండు వాయిలుగా చెయ్యండి, గుట్టగా పోస్తే ఇంతసేపు తుడిచిన ఫలితం పోతుంది. 30 కౌంట్‌కి ఏడెనిమిది నిమిషాలు, 50 కౌంట్‌కి ఐదారు. గడియారం కన్నా రొయ్య ఆకారాన్ని నమ్మండి. బూడిదరంగు పోయి గులాబీ-తెలుపులోకి మారి, చంద్రవంకలా వంగితే అయినట్టే. తోక తలవైపుకి అంటుకునేలా గుండ్రంగా చుట్టుకుందంటే ఎక్కువైంది. అనుమానంగా ఉంటే అన్నిటికన్నా లావైనదాన్ని కోసి చూడండి, మధ్యలో గాజులా మెరుపు కనిపిస్తే ఇంకో నిమిషం.

తీసిన వెంటనే పళ్లెంలోకి మార్చండి. ట్రేలోనే వదిలేస్తే దాని వేడికి మరో రెండు నిమిషాలు ఉడుకుతూనే ఉంటాయి. అరచెక్క నిమ్మకాయ ఇప్పుడు పిండండి. కాప్సికం, ఉల్లిచక్రాలు కావాలంటే వాటిని పది నిమిషాలు ముందే ట్రేలో వెయ్యాలి. టమాటా మాత్రం వద్దు, దాని నీళ్లతో మొదటికొస్తుంది.

ట్రే అడుగున మిగిలిన వెల్లుల్లి నూనెలో వేడి అన్నం వేసి కలిపెయ్యండి, పక్కన పప్పుచారు ఉంటే రాత్రి భోజనం అయిపోయినట్టే. మిగిలిన రొయ్యల్ని మళ్లీ ఓవెన్‌లో పెట్టకండి. ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు వేడి వేడి ఉప్మాలోనో ఫ్రైడ్‌రైస్‌లోనో దించబోయే ముందు కలపండి.