సైకిల్ పార్సిల్‌కు ఇన్సూరెన్స్ చేయించాలా, వద్దా?

సైకిళ్లు విప్పి, పెట్టెల్లో సర్ది, దూరాలకు పంపడం నా రోజువారీ పని. పెట్టెకు టేపు వేసే సమయానికి చాలామంది అడుగుతారు: "ఇన్సూరెన్స్ కూడా చేయించమంటారా?" ఈ ప్రశ్న సైకిల్ విప్పకముందే రావాలి. ఎందుకంటే జవాబును బట్టి సర్దే పద్ధతి, తీయాల్సిన ఫోటోలు, ఒక్కోసారి ఎంచుకునే రవాణా కూడా మారిపోతాయి. నేను వాళ్లను తిరిగి అడిగేది ఒకటే: ఇన్సూరెన్స్ లేకుండా పంపితే, పార్సిల్ పోయిననాడు రవాణా సంస్థ మీకు ఎంత బాకీ పడుతుంది? ఆ అంకె తెలియకుండా ప్రీమియం ఎక్కువా, తక్కువా అని ఆలోచించి లాభం లేదు.

ఇన్సూరెన్స్ లేకపోతే చేతికొచ్చేది ఎంత?

సామాను వాళ్ల చేతికిచ్చాం కాబట్టి పోతే పూర్తి విలువ వాళ్లే కడతారని చాలామంది నమ్మకం. అలా ఉండదు. వాళ్ల బాధ్యతకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు చాలాచోట్ల సైకిల్ విలువను బట్టి కాదు, పెట్టె బరువును బట్టి ఉంటుంది. దేశాలు దాటే విమాన కార్గోకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తే కిలోకు గరిష్ఠంగా 26 ఎస్‌డీఆర్‌లు. 2024 డిసెంబరు 28కి ముందు అది 22 ఉండేది. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ వాడే లెక్క యూనిట్. డాలర్, యూరో, యువాన్, యెన్, పౌండ్‌లను కలిపి దాని విలువ కడతారు, ఆ రేటు ఐఎంఎఫ్ వెబ్‌సైట్లో దొరుకుతుంది. రోడ్డు మీద సరిహద్దు దాటే సరుకుకు సీఎంఆర్ ఒప్పందం ఉన్నచోట కిలోకు 8.33 ఎస్‌డీఆర్‌లే. ఓడలో వెళ్తూ హేగ్-విస్బీ నిబంధనలు వర్తిస్తే పెట్టెకు 666.67 లేదా కిలోకు 2, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అది.

ఇప్పుడు ఒక మామూలు రోడ్ బైక్ తీసుకోండి. సైకిల్ 9 కిలోలు, అట్టపెట్టె, ఫోమ్, పట్టీలు కలిపి మొత్తం 16 కిలోలు అనుకుందాం. విమాన కార్గోలో హద్దు 416 ఎస్‌డీఆర్‌లు. లారీలో సీఎంఆర్ కింద దాదాపు 133. ఆ 133తో మంచి కార్బన్ చక్రాల జత కూడా రాదు. ఇంకో సంగతి చూడండి. 140 × 80 × 20 సెంటీమీటర్ల పెట్టెకు కొరియర్ వాళ్లు ఘనపరిమాణాన్ని 5000తో భాగించి దాదాపు 45 కిలోలకు ఛార్జి తీసుకుంటారు. పరిహారం దగ్గరికి వచ్చేసరికి లెక్కలోకి వచ్చేది అసలు బరువు 16 కిలోలే. సైకిల్ ఎంత తేలికైతే అంత ఖరీదు, అంత తక్కువ పరిహారం. తేలికపాటి ఖరీదైన సైకిల్ ఉన్నవాళ్లు ఇన్సూరెన్స్ గురించి గట్టిగా ఆలోచించాలని నేను చెప్పడానికి మొదటి కారణం ఇదే.

మీతోపాటే విమానంలో లగేజీగా తీసుకెళ్తే లెక్క వేరు. మాంట్రియల్ ఒప్పందం కిందే ఒక ప్రయాణికుడి లగేజీ మొత్తానికి 1,519 ఎస్‌డీఆర్‌లు హద్దు. అందులో మీ మిగతా బ్యాగులూ కలిసే ఉంటాయి.

రవాణా ఫారంలో "డిక్లేర్డ్ వాల్యూ" అనే గడి కనిపిస్తుంది. దానికి అదనంగా కట్టి, ఇన్సూరెన్స్ అయిపోయిందని ఊరుకునేవాళ్లు చాలామందే. అది ఆ సంస్థ బాధ్యత హద్దును పెంచుతుంది, అంతే. నష్టానికి చట్టప్రకారం వాళ్లే బాధ్యులని తేలితేనే ఆ డబ్బు. విడిగా తీసుకున్న ఇన్సూరెన్స్‌లో తప్పు ఎవరిదన్నది ముఖ్యం కాదు, పాలసీలో ఉన్న ప్రమాదం జరిగితే చాలు. కస్టమ్స్ కోసం రాసే విలువ ఈ రెండింటికీ సంబంధం లేని మూడో సంగతి.

పోతే ఏం పోతుంది?

దారిలో సైకిళ్లకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం చిన్నవే. వెనక గేర్లు మార్చే డిరైలర్‌ను పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది. అది చిన్న అల్యూమినియం ముక్క, ఫ్రేమ్‌కు దెబ్బ తగలకుండా తానే వంగేలా చేసి పెడతారు. డిస్క్ బ్రేక్ రోటర్ కాస్త వంకర పోతుంది. పెయింట్ లేస్తుంది. వీటి కోసం ఇన్సూరెన్స్ తీసుకోకండి. చాలా పాలసీల్లో డిడక్టిబుల్ ఉంటుంది, అంటే మొదటి కొంత నష్టం మీరే భరించాలి. ఈ చిన్న రిపేర్లన్నీ ఆ లోపలే తేలిపోతాయి.

ఇన్సూరెన్స్ అవసరమయ్యేది రెండింటికి: పెట్టె మొత్తం మాయమవడం, ఫ్రేమ్ పోవడం. స్టీల్ ఫ్రేమ్‌కు సొట్ట పడినా, వంగినా కంటికి తెలుస్తుంది, చాలావరకు సరిచేయొచ్చు. కార్బన్ అలా కాదు. ఒకాయన సైకిల్ దూరం నుంచి వచ్చింది, పెట్టె బాగానే ఉంది. నేను బిగిస్తుంటే వెనక చక్రం పక్కగా వెళ్లే ఫ్రేమ్ గొట్టం, అంటే చైన్‌స్టే మీద వెంట్రుకంత గీత కనిపించింది. తడిగుడ్డతో తుడిస్తే పోలేదు. నాణెంతో మెల్లగా తట్టుకుంటూ పోతే గొట్టమంతా టక్ టక్‌మని పలికింది, ఆ గీత దగ్గరికి రాగానే శబ్దం మొద్దుబారింది. ఆ పరీక్షతోనే తేల్చేయకూడదు కాబట్టి కార్బన్ రిపేరు చేసేవాళ్లకు చూపించాం. లోపల పొరలు విడిపోయాయని వాళ్లు రాసిచ్చారు. ఆయనకు క్లెయిమ్ వచ్చింది. కారణం, సర్దే ముందు అదే చైన్‌స్టేను దగ్గర నుంచి తీసిన ఫోటో ఉండటం. అది లేకపోతే ఆ గీత పాతదా కొత్తదా అన్న వాదన ఎటూ తేలేది కాదు.

కాబట్టి లెక్క ఇలా వేయండి. మీ సైకిల్ ఇవాళ అమ్మితే వచ్చే ధర రాసుకోండి. అందులోంచి రవాణా సంస్థ ఇవ్వాల్సింది తీసేయండి, డిడక్టిబుల్ కూడా తీసేయండి. మిగిలేదే ఇన్సూరెన్స్ మీకు నిజంగా ఇచ్చే రక్షణ. అంత డబ్బు పోయినా ఇబ్బంది లేకుండా ఇంకోటి కొనుక్కోగలిగితే ప్రీమియం మిగుల్చుకోండి. పోతే నెలల తరబడి సైకిల్ లేకుండా ఉండాల్సి వస్తుందంటే చేయించండి. పాత స్టీల్ సైకిళ్లకు నేను సాధారణంగా వద్దంటాను. ఆ ప్రీమియం డబ్బు మంచి పెట్టెకు, ఫోమ్‌కు పెట్టమంటాను. కార్బన్ ఫ్రేమ్‌కు, అమ్మేసి కొన్నవాళ్లకు పంపే సైకిల్‌కు చేయించమంటాను. తాతగారి సైకిల్ లాంటి వాటి మాట వేరు. పాలసీలు సాధారణంగా మార్కెట్ ధరే ఇస్తాయి, జ్ఞాపకానికి కట్టే విలువ ఉండదు. అలాంటిదాన్ని వీలైతే మీతోనే తీసుకెళ్లండి.

ఓడలో పంపేటట్టయితే మాత్రం నాది ఒకటే మాట: చేయించండి. సముద్ర రవాణాలో "జనరల్ యావరేజ్" అనే పాత నియమం ఉంది. ఓడను, సరుకును ఆపద నుంచి గట్టెక్కించడానికి అయిన ఖర్చును ఓడ యజమానితోపాటు అందులో సరుకున్న వాళ్లందరూ తమ సరుకు విలువను బట్టి పంచుకోవాలి. 2021 మార్చిలో సూయజ్ కాలువలో అడ్డం తిరిగిన ఎవర్ గివెన్ ఓడ విషయంలో యజమానులు దీన్నే ప్రకటించారు. మీ సైకిల్‌కు గీత పడకపోయినా, మీ వాటాకు హామీ ఇచ్చేదాకా దాన్ని వదలరు. ఇన్సూరెన్స్ ఉంటే ఆ హామీ కంపెనీ చూసుకుంటుంది.

పాలసీలో ముందు చదవాల్సింది

మొదట మినహాయింపులు చదవండి. సరిగా ప్యాక్ చేయకపోవడం వల్ల జరిగిన నష్టానికి డబ్బు రాదు, ఇది దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. అందుకే నేను ముందు ఫోర్క్ కాళ్ల మధ్య, వెనక యాక్సిల్ ఉండే చోట గట్టి స్పేసర్లు, అంటే ఎడం పట్టి ఉంచే ముక్కలు, పెడతాను. చక్రం తీసేసిన ఫోర్క్ మీద పక్క నుంచి బరువు పడితే కాళ్లు లోపలికి నొక్కుకుపోతాయి. డిస్క్ బ్రేక్ రోడ్ బైక్ అయితే ఆ ఎడం సాధారణంగా ముందు 100 మిల్లీమీటర్లు, వెనక 142. బ్రేక్ ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క, డిరైలర్ విప్పి ఫ్రేమ్ లోపలివైపు కట్టడం, పెడల్స్ విడిగా చుట్టడం: ఒక్కోదానికి ఒక్కో ఫోటో. చివరగా పెడల్స్ బిగించే క్రాంక్ కింద ఫ్రేమ్ మీద ఉండే సీరియల్ నంబరు ఫోటో, బిల్లు కాపీ.

రెండోది, వాడిన వస్తువుల గురించి ఏం రాశారో చూడండి. వాడినవాటికి గీతలు, సొట్టలు వర్తించవని కొన్ని పాలసీల్లో ఉంటుంది. అలా ఉంటే మీరు కొంటున్నది పార్సిల్ పోతే వచ్చే రక్షణ మాత్రమే, ప్రీమియం దానికి తగ్గట్టు ఉందో లేదో చూసుకోండి. సముద్ర కార్గో పాలసీల్లో ఏ, బీ, సీ అనే మూడు రకాల క్లాజులు వాడుకలో ఉన్నాయి. "ఏ" విస్తృతమైనది. "సీ" మంటలు, ఓడ మునక, వాహనం బోల్తా లాంటి పెద్ద ప్రమాదాలకే, దొంగతనం అందులో లేదు. రేసు తేదీకి అందలేదనే ఆలస్యం నష్టం ఏ రకంలోనూ రాదు.

ప్రీమియం తగ్గుతుందని విలువ తగ్గించి రాయకండి. వంద విలువైన సైకిల్‌ను యాభైకి రాస్తే, నలభై నష్టం జరిగినప్పుడు ఇరవయ్యే ఇచ్చే నియమం చాలా పాలసీల్లో ఉంది. అలాగే ఇంటి సామానుకో, సైకిల్‌కో ఇప్పటికే పాలసీ ఉంటే, రవాణా సంస్థ చేతిలో ఉండగా అది వర్తిస్తుందా అని మెయిల్ రాసి అడగండి. ఫోన్లో చెప్పింది క్లెయిమ్ రోజున పనికిరాదు.

ఎలక్ట్రిక్ సైకిల్ అయితే బ్యాటరీ సంగతి దాచకండి. ప్రయాణికుల లగేజీలో 100 వాట్-అవర్స్ దాటిన లిథియం బ్యాటరీలకు ఆంక్షలు మొదలవుతాయి, ఈ-బైక్ బ్యాటరీలు సాధారణంగా 300 పైనే. చెప్పకుండా పెట్టెలో పెడితే ఇన్సూరెన్స్ కంపెనీకి క్లెయిమ్ తిరస్కరించే కారణం మీరే ఇచ్చినట్టు.

పెట్టె చేరాక

సంతకం పెట్టేముందు పెట్టెను నాలుగువైపులా చూడండి. చిల్లు, తడి, తిరిగి వేసిన టేపు కనిపిస్తే అదేంటో డెలివరీ రసీదు మీదే రాయండి. "తర్వాత పరిశీలిస్తాం" అని రాస్తే సరిపోదు. అదేరోజు విప్పి ఫ్రేమ్ అంతా వెలుతురులో చూడండి. మాంట్రియల్ ఒప్పందం కింద దెబ్బతిన్న లగేజీకి 7 రోజుల్లో, కార్గోకు 14 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పాలసీలో గడువు ఇంకా తక్కువ ఉండొచ్చు. రవాణా సంస్థకు, ఇన్సూరెన్స్ కంపెనీకి ఇద్దరికీ రాయండి. ఒకరికే రాసి రెండోవాళ్ల గడువు దాటిపోతే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. క్లెయిమ్ తేలేదాకా పెట్టె, ఫోమ్, స్పేసర్లు ఏవీ పారేయకండి, తనిఖీకి వచ్చేవాళ్లు మొదట అడిగేది వాటినే.