కాగితం మీద 97 శాతం, ఊళ్ళో తట్టు: లోపం హారంలో వెతకండి

లక్షణం: నెలవారీ నివేదికలో టీకాలు నూటికి 97. అదే ఆరోగ్య ఉప కేంద్రం పరిధిలో, అదే నెలలో ముగ్గురు పిల్లలకు తట్టు. లేదా, నమోదైన గర్భిణులందరికీ ఐరన్ మాత్రలు అందినట్టు రాసి ఉంటుంది, పురిటికి వచ్చేవాళ్ళు మాత్రం పాలిపోయి వస్తుంటారు. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా పెద్ద సర్వేకు డబ్బు అడుగుతారు. దయచేసి ఆగండి. ఇద్దరు మనుషులు, రెండు రోజుల బస్సు చార్జీలు, కొన్ని జిరాక్సు కాగితాలతో తేలే విషయం ఇది.

మొదట పిల్లల, గర్భిణుల పేర్లు రాసే రిజిస్టరు తెరిచి, చివరిసారి ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకున్న తేదీ చూడండి. నేను వెళ్ళిన చోట్ల ఆ పేజీని దాదాపు ఎవరూ తెరవలేదు. తరువాత చిన్న లెక్క వేయండి. తెలంగాణలో ఏడాదికి వెయ్యి జనాభాకు సుమారు 16 జననాలు ఉంటాయి. మైదాన ప్రాంతంలో ఉప కేంద్రానికి 5,000 జనాభా ప్రమాణం, ఏజెన్సీలో 3,000. అంటే మైదానంలో ఏటా 80 మంది, ఏజెన్సీలో 50 మందికి కాస్త అటూ ఇటూగా పిల్లలు పుట్టాలి. రిజిస్టరులో 30 పేర్లే ఉంటే మిగతావాళ్ళు ఎక్కడున్నారని అడగాలి. శాతం వంద దాటితే సంబరపడకండి. జాబితాలో లేని పిల్లలకు టీకాలు పడ్డాయని, అంటే జాబితా తప్పని ఆ అంకే చెబుతోంది.

అసలు కారణం: హారం. బడిలో నేర్చుకున్న లవం, హారాల లెక్కే. టీకా వేసిన పిల్లలు లవం, వేయవలసిన పిల్లలు హారం. ఎవరూ పేరు రాసుకోని పిల్ల లవంలోనూ ఉండదు, హారంలోనూ ఉండదు. అందుకే శాతం చెక్కుచెదరదు, జబ్బు ఆ పిల్లను వెతుక్కుంటూ వస్తుంది.

మన వైపు పేర్లు జారిపోయే దారులు కొన్ని ఉన్నాయి. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వస్తుంది. అత్తగారి ఊళ్ళో 'పుట్టింటికి వెళ్ళింది' అని కొట్టేస్తారు, పుట్టింట్లో 'మా ఊరి మనిషి కాదు' అని రాయరు. కొన్నిసార్లు రెండు చోట్లా రాస్తారు, అదీ చిక్కే. మిరపకాయలు ఏరడానికి, ఇటుక బట్టీల్లో పనికి వచ్చే కుటుంబాలు ఏ ఊరి లెక్కలోనూ ఉండవు. ములుగు, భూపాలపల్లి అడవుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గుత్తికోయల గూడేలు కొన్ని ఊరికి కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. ఇందులో ఆశా కార్యకర్తను నిందించడం అన్యాయం. ఇచ్చిన జాబితా ప్రకారం ఆమె తన పని చేస్తుంది.

ఈ కారణం నన్ను గట్టిగానే దెబ్బకొట్టింది. ఒక మండలంలో 19 మంది పిల్లలను ఎంచి చూసే పద్ధతిని నమ్ముకున్నాను. ప్రతి ఉప కేంద్రం పరిధిలో 19 మందిని చీటీలతో ఎంచుతారు. లక్ష్యం 80 శాతమైతే వాళ్ళలో కనీసం 13 మందికి టీకా పడి ఉండాలి, లక్ష్యం 90 అయితే 15 మందికి. అంతకు తగ్గితే ఆ ప్రాంతం వెనకబడినట్టు. కర్మాగారాల్లో సరుకు నాణ్యత చూడటానికి పుట్టిన పద్ధతి ఇది, చవకైనది, మంచిది. కానీ నేను ఆ 19 పేర్లను రిజిస్టరులోంచే తీశాను. 17 మందికి టీకాలు పడ్డాయని తేలింది, అంతా బాగుందని రాసి ఇచ్చాను. కొన్ని వారాలకే పొలాల మధ్య గుడిసెల్లో తట్టు వచ్చింది. ఆ పిల్లల్లో ఒక్కరి పేరూ రిజిస్టరులో లేదు. ఏ పుస్తకాన్ని పరీక్షించాలో ఆ పుస్తకంలోంచే పేర్లు తీస్తే, అందులో లేనివాళ్ళు ఎన్ని చీటీలు తీసినా రారు.

పరిష్కారం: పేర్లను పక్కన పెట్టి ఇళ్ళను ఎంచండి. ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును కూర్చోబెట్టి ఊరి పటం గీయించండి. తండా, గూడెం, బట్టీ, పొలాల్లోని గుడిసెలు అన్నీ అందులోకి రావాలి. పరిధిలో 1,200 ఇళ్ళుంటే 19తో భాగించండి, 63 వస్తుంది. 1 నుంచి 63 లోపు ఒక చీటీ తీసి అక్కడ మొదలుపెట్టి ప్రతి 63వ ఇంటికి వెళ్ళండి. ఆ ఇంట్లో 12 నుంచి 23 నెలల పిల్ల లేకపోతే పక్కిల్లు, అక్కడా లేకపోతే ఆ పక్కది. బొడ్రాయి దగ్గర మొదలుపెట్టి తోచిన దిక్కుకు నడిస్తే నడి ఊరే ఎక్కువగా చూస్తారు, ఊరి చివర మిగిలిపోతుంది.

గుమ్మంలో టీకా కార్డు అడగండి. తట్టు, రుబెల్లా టీకా మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య పడి ఉండాలి. కార్డు పోయిందంటే తల్లి మాట రాసుకోండి, కానీ వేరే గడిలో. ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ ఉందేమో కూడా చూడండి. ఆశా కార్యకర్తను ఆ కాసేపు దూరంగా ఉండమనండి. ఆమె ఎదురుగా ఏ తల్లీ 'మాత్రలు మింగలేదమ్మా' అని చెప్పదు. ఐరన్ విషయంలో మింగారా అని అడగడం కంటే అట్టలు తెప్పించి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం మేలు.

ఇప్పుడు ఆ 19 మంది పేర్లూ రిజిస్టరులో ఉన్నాయేమో వెతకండి. ఈ అడుగు మాత్రం వదలకండి. నలుగురైదుగురి పేర్లు దొరకకపోతే చూడవలసినది టీకా పని కంటే ముందు జాబితా. మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాయించాలి. పుట్టింటికి వచ్చినవాళ్ళకు, వలస వచ్చినవాళ్ళకు విడిగా ఒక పేజీ పెట్టించండి. ఒక్క ప్రాంతంలోని 19 మందితో శాతం చెప్పకండి, చాలదు. ఐదు ప్రాంతాలు కలిపితే 95 మంది అవుతారు, అప్పుడు పది శాతం అటూ ఇటూగా చెప్పవచ్చు.

మిగతా కారణాలు చిన్నవి. ఏటూరునాగారం వైపు వానాకాలంలో పెరిగిన జ్వరాలు చలికాలానికి వాటంతట అవే తగ్గుతాయి. ఆరోగ్య కార్యక్రమం వల్ల తగ్గాయని రాసేముందు నిరుటి అదే నెలను, కార్యక్రమం లేని పక్క మండలాన్ని చూడండి. అంకెలు ఎక్కించడంలో తప్పులు, పాడైన రక్తపరీక్ష పరికరం అరుదు, పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్ళండి.

జాబితా సరిచేశాక వచ్చే నెల శాతం పడిపోతుంది, 97 కాస్తా 80కి రావచ్చు. అధికారికి ముందే చెప్పి ఉంచండి. నివేదికలో పాత హారం, కొత్త హారం పక్కపక్కన వేసి, కొత్తగా చేరిన పిల్లలు ఏ గూడెం, ఏ బట్టీ వాళ్ళో రాయండి. లేకపోతే ఆ తగ్గుదలకు ఉప కేంద్రంలో టీకాలు వేసే నర్సుకే, అంటే ఏఎన్ఎంకే, నోటీసు వెళుతుంది.