సీ ల్యాబ్ పరీక్షకు ముందు: స్ట్రింగ్‌లో అక్షరం వెతికేటప్పుడు జాగ్రత్తలు

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు చదువుకునే మన తెలుగు పిల్లలకు సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ పరీక్ష అంటే ఎంత టెన్షనో నాకు తెలుసు. "ఇచ్చిన పేరులో ఫలానా అక్షరం ఉందా" అన్న చిన్న ప్రోగ్రామ్ దగ్గరే చాలామంది మార్కులు పోగొట్టుకుంటారు.

ముందు ఇన్‌పుట్ సంగతి చూసుకోండి. పేరును స్కాన్‌ఎఫ్ (scanf) లో పర్సెంట్ ఎస్ (%s) తో చదివి, వెంటనే పర్సెంట్ సీ (%c) తో అక్షరం చదివితే, పేరు తర్వాత మీరు నొక్కిన ఎంటర్ ఇంకా బఫర్‌లోనే (టైప్ చేసింది చదివేదాకా ఆగే చోట) ఉంటుంది కాబట్టి అదే అక్షరంగా వచ్చేస్తుంది, ప్రోగ్రామ్ మీకోసం ఆగనే ఆగదు. కోట్స్ లోపల పర్సెంట్ సీకి ముందు ఒక ఖాళీ వదలండి, చాలు. పేరు చదవడానికి ఎఫ్‌గెట్స్ (fgets) వాడితే ఆ ఎంటర్ పేరు చివర అతుక్కుంటుంది, వెతికే ముందే తీసేయండి.

స్ట్రింగ్‌లో అక్షరం వెతికే ఫంక్షన్ స్టర్‌చర్ (strchr) దొరికిన చోటి అడ్రస్ ఇస్తుంది, దొరక్కపోతే నల్ (ఏ చోటూ కాదని చెప్పే విలువ) ఇస్తుంది. నల్ అవునో కాదో చూడకుండా ఆ పాయింటర్‌కు (అడ్రస్ ఉన్న వేరియబుల్‌కు) స్టార్ పెట్టి అక్కడున్నది చదవబోయారా, సెగ్మెంటేషన్ ఫాల్టే, ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టాలంటే దొరికిన చోటు నుంచి కాదు, దాని తర్వాతి చోటు నుంచి మళ్లీ వెతకాలి, లేదంటే లూప్ అక్కడే తిరుగుతూ ఉంటుంది. ఇంగ్లీషు పెద్ద ఏ (A), చిన్న ఏ (a) స్టర్‌చర్‌కు వేరు వేరు.

ఇక అసలు జాగ్రత్త మనలాంటి వాళ్లకే. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా కాబట్టి ఇంగ్లీషులో సరిగా పనిచేసిన ప్రోగ్రామ్‌కు మన ఊరి పేరు ఇచ్చి చూడాలనిపిస్తుంది. కానీ స్టర్‌చర్ వెతికేది అక్షరాన్ని కాదు, ఒక్క బైట్‌ను. అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతానికీ పొల్లుకూ మళ్లీ మూడేసి. 'పర్లాకిమిడి' కంటికి ఐదక్షరాలే, పొడవు బైట్లలో చెప్పే స్టర్‌లెన్ (strlen) మాత్రం 33 అంటుంది, చివరి సున్నాతో కలిపి 34 బైట్ల చోటు కావాలి. 20 సైజు యారే పెట్టి పర్సెంట్ ఎస్‌తో చదివితే పక్క మెమరీ మీద రాసేస్తారు.

సింగిల్ కోట్స్‌లో 'డ' పెట్టి స్టర్‌చర్‌కు ఇస్తే సీ కంపైలర్ జీసీసీ (gcc) వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది, స్టర్‌చర్ చివరి బైట్ ఒక్కటే తీసుకుని వెతుకుతుంది. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో మన లిపులను ఒకే వరసలో పేర్చారు కాబట్టి తెలుగు డ, ఒడియా డ, దేవనాగరి డ మూడింటికీ ఆ చివరి బైట్ ఒకటే! అందుకే తెలుగు ముక్కే లేని ఒడియా పేరులో కూడా "దొరికింది" అంటుంది, అదీ అక్షరం మధ్యలో, అక్కడి నుంచి ప్రింట్ చేస్తే మొదట చెత్త గుర్తు కనిపిస్తుంది.

తెలుగు అక్షరం వెతకాలంటే దాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టి, స్ట్రింగ్‌లో మరో స్ట్రింగ్‌ను వెతికే స్టర్‌స్టర్ (strstr) కు ఇవ్వండి, మూడు బైట్లూ కలిపి పోలుస్తుంది. 'డి'లో ఉన్న 'డ' కూడా దొరుకుతుంది, ఎందుకంటే గుడి (ఇకారపు గుర్తు) విడిగా దాని తర్వాత ఉంటుంది. గుడి లేని 'డ' మాత్రమే కావాలంటే తర్వాతి మూడు బైట్లు కూడా మీరే చూసుకోవాలి.