పెడల్ అడుగుదాకా తొక్కినా గేరు దిగకపోతే: పాత ఆటోమేటిక్ కారులో కిక్‌డౌన్ స్విచ్ మరమ్మతు

ఆటోమేటిక్ కారులో లారీని దాటబోయి యాక్సిలరేటర్ పెడల్ అడుగుదాకా తొక్కితే గేరు ఒకటో రెండో కిందికి దిగాలి, ఇంజిన్ గొంతు పెంచాలి, కారు ముందుకు దూకాలి. దీన్నే కిక్‌డౌన్ అంటారు. పాత కారు అలా చేయకుండా అదే గేరులో మూలుగుతూ వెళ్తుంటే చూసినవాళ్లంతా ‘గేర్‌బాక్స్ పోయింది’ అని తేల్చేస్తారు. ఆ మాట నమ్మి వరంగల్ నుంచి హైదరాబాద్‌కు కారును మరో బండి మీద ఎక్కించి పంపే ముందు ఒక గంట కేటాయించి మ్యాటు కింద చూడండి. తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఇక్కడ చెప్పేది 1980, 90ల నాటి, ఆయిల్ ఒత్తిడితో గేర్లు మార్చుకునే కార్ల గురించి. నాలుగు గేర్ల మెర్సిడెస్ డబ్ల్యూ124 మంచి ఉదాహరణ. పెడల్ చివరిదాకా దిగినప్పుడు దాని కింద నేలకు బిగించిన కిక్‌డౌన్ స్విచ్ నొక్కుకుంటుంది. 12 వోల్టుల కరెంటు గేర్‌బాక్స్ మీది సొలినాయిడ్‌కు (కరెంటుతో వాల్వును కదిలించే కాయిల్‌కు) చేరుతుంది. అది ఆయిల్ దారి మార్చి కింది గేరు వేయిస్తుంది. కొన్ని పాత చిన్న కార్లలో ఈ స్విచ్ ఉండదు, థ్రాటిల్ (పెడల్ తొక్కితే ఇంజిన్‌కు గాలి వదిలే తలుపు) నుంచి గేర్‌బాక్స్‌కు కేబుల్ మాత్రమే ఉంటుంది. మీ కారు అలాంటిదైతే కేబుల్ బిగువు చూపించుకోండి, కింది కరెంటు పరీక్షలతో పని లేదు.

సమస్య: కిక్‌డౌన్ అసలే రావడం లేదు

మొదటి అనుమానితుడు మ్యాటు. సీటు కవర్లు కుట్టించినప్పుడే మందపాటి మ్యాట్లు కూడా వేయిస్తాం, వాటి మీద రబ్బరువి ఇంకో జత పరుస్తాం. పెడల్ ఆ మెత్తమీద ఆగిపోతుంది, స్విచ్ దాకా చేరదు. అన్నీ తీసేసి పెడల్‌ను చేత్తో అదిమి చూడండి. చివర్లో ఒక మెట్టులా అడ్డు తగిలి, ఇంకాస్త బలం పెడితే ‘టక్’మని దిగాలి.

ఆ మెట్టు రావడానికి ముందే థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోవాలి. ఇంజిన్ ఆపి, ఒకరు పెడల్ తొక్కుతుంటే మరొకరు బానెట్ ఎత్తి థ్రాటిల్ చెయ్యి చివరి అడ్డుకు ఆనిందో లేదో చూడాలి. ఆనకపోతే పెడల్‌ను థ్రాటిల్‌తో కలిపే లింకేజీ సర్దాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు లివర్ ‘పి’లో ఉంచి, ఇంజిన్ స్టార్టు చేయకుండా తాళం మాత్రం ఆన్ చేయండి. ఒకరు పెడల్ పూర్తిగా తొక్కాలి, ఇంకొకరు కారు పక్కన వంగి గేర్‌బాక్స్ వైపు చెవి పెట్టాలి. చిన్న ‘టిక్’ వినబడితే కరెంటు వైపు అంతా బాగున్నట్టే. హనుమకొండ చౌరస్తా పక్కన సాయంత్రం పూట ఈ పరీక్ష చేస్తే ఏమీ వినబడదు, తెల్లవారుజామున ఇంటి దగ్గర చేయండి.

శబ్దం రాకపోతే ముందు ఫ్యూజు. ఆ కాలపు కొన్ని కార్లలో తూటా ఆకారపు ఫ్యూజులుంటాయి. తీగ తెగకపోయినా వాటి కొనలకు తెల్లటి పొర పట్టి కరెంటు పారదు. వేళ్లతో తిప్పి చూసి, కొనలు గీకి, వీలైతే కొత్తది వేయండి.

తర్వాత టెస్ట్ లైటుతో స్విచ్ దగ్గరకు రండి. తాళం ఆన్‌లో ఉండగా రెండు వైర్లలో ఒకదానికి కరెంటు రావాలి. రాకపోతే ఫ్యూజు నుంచి స్విచ్ దాకా వైరు వెతకాలి. వస్తుంటే స్విచ్ కనెక్టర్ ఊడదీసి, ఆ రెండు వైర్లను చిన్న తీగతో కలపండి. ‘టిక్’ వినబడిందా, దోషి స్విచ్చే. అప్పటికీ మౌనంగా ఉంటే సొలినాయిడ్ వైరో, సొలినాయిడో చెడినట్టు. కొన్ని మోడళ్లలో స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది కాబట్టి వైరింగ్ చిత్రం ముందు పెట్టుకోవడం మేలు.

స్విచ్ విప్పగలిగే రకమైతే బాగుచేయవచ్చు. మూత అంచులను సన్నని స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా లేపండి. లోపలి స్ప్రింగు ఎగిరిపోతుంది, కింద తెల్లగుడ్డ పరిచి కూర్చోండి. మన ఎర్ర దుమ్ము, చెప్పుల తడి కలిసి కాంటాక్టుల మీద పచ్చటి చిలుము, నల్లటి మసి పట్టి ఉంటాయి. సన్నటి ఇసుక కాగితంతో రెండు రుద్దులు చాలు, ఎక్కువ రుద్దితే పైపూత పోతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. తుప్పు వదిలించే నూనె చల్లకండి, ఆ జిడ్డుకు మళ్లీ దుమ్ము అంటుకుంటుంది. మల్టీమీటరుతో చూస్తే నొక్కినప్పుడు దాదాపు సున్నా ఓములు, వదిలినప్పుడు ఏ దారీ లేనట్టు చూపాలి. ప్లాస్టిక్ పగిలినా, స్విచ్ అతికించేసిన రకమైనా కొత్తదే దారి.

సమస్య: ఎండలో పనిచేస్తుంది, వానలో మొరాయిస్తుంది

కార్పెట్ కింద చెయ్యి పెట్టండి. తడిగా తగిలితే ముందు అద్దం కింది నీటి దారులు ఆకులతో పూడిపోయి ఉంటాయి. వాటిని శుభ్రం చేయకుండా స్విచ్ మార్చడం దండగ, వచ్చే ముసురుకు కొత్తది కూడా అంతే.

సమస్య: గేరు పైకి ఎక్కడం లేదు, ఎప్పుడూ అరుస్తూనే నడుస్తుంది

స్విచ్ నొక్కుకుపోయి ఉండవచ్చు. కనెక్టర్ ఊడదీసి నడపండి. కారు మామూలుగా గేర్లు ఎక్కితే స్విచ్ మార్చండి. ఎక్కకపోతే థ్రాటిల్ నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే కేబుల్‌ను, వాక్యూమ్ గొట్టాన్ని చూడాలి.

సమస్య: ఫ్యూజు మాటిమాటికీ కాలిపోతుంది

ఇంకా పెద్ద ఫ్యూజు వేయకండి, వైరింగే కాలుతుంది. కారు కింద సొలినాయిడ్ వైరు సైలెన్సర్ గొట్టానికి తగిలి ఒలిచిపోయిందేమో చూడండి. అతుకు వేస్తే టంకం పెట్టి స్లీవు తొడగాలి, మెలితిప్పి టేపు చుట్టడం వద్దు. వైరు బాగుంటే సొలినాయిడ్ కాయిలే లోపల కలిసిపోయింది. దాన్ని మార్చేటప్పుడు ఇంజిన్ చల్లారాక కారును స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరవద్దు. కొంచెం ఆయిల్ కారుతుంది, సీలు కొత్తది వేయండి.

సమస్య: ‘టిక్’ వస్తుంది కానీ గేరు దిగదు

గేర్‌బాక్స్ ఆయిల్ కొలవండి. ఇలాంటి మెర్సిడెస్‌లో సమతల నేల మీద, గేర్‌బాక్స్ బాగా వేడెక్కాక, ఇంజిన్ నడుస్తుండగా ‘పి’లో కొలవాలి. ఎర్రగా ఉండాల్సింది నల్లబడి మాడు వాసన వస్తే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చే సమయమైంది. స్థాయి, రంగు బాగుంటే సొలినాయిడ్ విప్పి దాని వాల్వు ఇరుక్కుందేమో చూడాలి.

చివరగా రోడ్డు పరీక్ష. ఆత్మకూరు దాటాక ములుగు దారిలో ఖాళీ చూసుకుని (మేడారం జాతర రోజుల్లో మాత్రం ఆ ఆలోచన వద్దు) గంటకు 50 కిలోమీటర్ల వేగంలో పెడల్ పూర్తిగా తొక్కండి. గేరు దిగాలి, వదలగానే ఎక్కాలి. బాగా ఎక్కువ వేగంలో దిగకపోవడం లోపం కాదు, ఇంజిన్ హద్దు దాటి తిరగకుండా గేర్‌బాక్సే ఒప్పుకోదు. 50లో కూడా దిగకపోతే అప్పుడు గేర్‌బాక్స్ ఆయిల్ ఒత్తిడి కొలిచే ప్రెషర్ గేజి ఉన్న మెకానిక్‌ను వెతకండి. గేజి పెట్టకుండానే గేర్‌బాక్స్ దించుతానన్నవారి దగ్గర బండి వదలకండి.