చెన్నై వానల్లో కారు: నీళ్ళలో ఆగితే తాళం తిప్పకండి

నీళ్ళలో ఆగిపోయిన కారును మళ్ళీ స్టార్ట్ చేయొద్దు. మిగతావన్నీ మర్చిపోయినా ఈ ఒక్కటి గుర్తుంటే ఇంజన్ దక్కే అవకాశం ఉంది. చాలా బండ్లు ఆగినప్పటికంటే, ఆగాక కంగారులో నాలుగుసార్లు తాళం తిప్పినప్పుడే ఎక్కువ పాడవుతాయి.

ఎందుకో లెక్క వేసి చూడండి. 1200 సీసీ, నాలుగు సిలిండర్ల పెట్రోల్ బండిలో ఒక్కో సిలిండర్ 300 సీసీ. పిస్టన్ పైకంటా వచ్చాక పైన మిగిలే చోటు దాదాపు 33 మిల్లీలీటర్లే, అంటే దగ్గుమందు మూతతో మూడు మూతలు. గాలైతే ఆ చోటులోకి నలిగి సర్దుకుంటుంది, నీళ్ళు నలగవు. అంతకు మించి నీళ్ళు చేరితే పిస్టన్ పైకి రాలేదు, అయినా స్టార్టర్ తోస్తూనే ఉంటుంది. చివరికి వంగేది పిస్టన్‌ను కింద నుంచి తోసే కనెక్టింగ్ రాడ్. డీజిల్ ఇంజన్‌లో ఆ చోటు ఇంకా ఇరుకు కాబట్టి దెబ్బ ఇంకా గట్టిది.

జాగ్రత్త ఇన్సూరెన్స్ రెన్యువల్‌తోనే మొదలవ్వాలి. చెన్నైకి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. 2015 డిసెంబర్ మొదట్లో అడయార్ నది పొంగింది. 2023లో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను, అంతకుముందు డిసెంబర్ 3, 4 తేదీల్లో ఈ ఊరిని ముంచే వెళ్ళింది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వరద నష్టానికి పైసా రాదు. సొంత బండి నష్టానికీ వర్తించే కాంప్రహెన్సివ్ ఉన్నా, నీళ్ళు పోయిన ఇంజన్‌ను స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టాన్ని 'పర్యవసాన నష్టం' కింద తోసేస్తారు. దానికి ఇంజన్ ప్రొటెక్షన్ అనే యాడ్-ఆన్ వేరే తీసుకోవాలి. జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగుదల కోయకుండా ఇచ్చే యాడ్-ఆన్) ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్ళు చాలామంది, అది వేరు, ఇది వేరు. యాడ్-ఆన్‌ను మామూలుగా రెన్యువల్ అప్పుడే చేర్చుకోవాలి, తుపాను కబురు విన్నాక కుదరదు. అది ఉన్నా షరతులు చదవండి, నీళ్ళలో మళ్ళీ మళ్ళీ స్టార్ట్ చేస్తే అక్కడా పేచీ పెడతారు.

దీపావళికి నెల్లూరో విజయవాడో వెళ్తూ, బండిని సెల్లార్‌లో వదిలేసి సెంట్రల్‌లో రైలెక్కేవాళ్ళు మనలో తక్కువేం కాదు. వానల మధ్యలో సెల్లార్ అంటే బావి. వేళచ్చేరి, మడిపాక్కం, పళ్ళికరణై, ముడిచూర్ వైపు ఉండేవాళ్ళు గట్టు మీదున్న స్నేహితుల ఇంట్లో పెట్టడం మేలు. వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద కార్లు వరసకట్టడం చూసి నవ్వుకునేవాళ్ళూ ఉన్నారు. మునిగాక ఇంజన్ విప్పించడం కంటే అది నయమే.

మునిగే అవకాశం ఉన్నచోటే వదలాల్సి వస్తే బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. చాలా కార్లకు 10 నంబరు స్పానర్ సరిపోతుంది. విప్పేముందు అద్దాలన్నీ ఎక్కించి, డిక్కీ వేసి, ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ ఉంటే అది కూడా వేసేయండి. ఆ తర్వాత రిమోట్ పనిచేయదు, దాని లోపల దాగున్న అసలు తాళంచెవితోనే తలుపు లాక్ చేయాలి. విండ్‌షీల్డ్ కింద జాలీలో పేరుకున్న ఆకులు తీసేయండి. అక్కడి నీళ్ళు దిగే దారి మూసుకుపోతే, వరద రాకపోయినా వాననీరే కేబిన్‌లోకి దిగుతుంది.

ఇక నీళ్ళలో నడపడం. దురైస్వామి సబ్‌వే, గణేశపురం సబ్‌వే లాంటి చోట్ల నీళ్ళు నిలిస్తే ప్రయత్నమే వద్దు, చుట్టూ తిరిగి వెళ్ళండి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. మామూలు రోడ్డు మీద ముందు వెళ్ళే బండి చక్రం సగానికి పైగా మునిగితే మీరు దిగొద్దు. గాలి పీల్చే గొట్టం చాలా కార్లలో గ్రిల్ వెనకే ఉంటుంది. లోతు తక్కువే అనిపించినా, పక్కనుంచి ఎంటీసీ బస్సు వెళ్తే లేచే అల అక్కడిదాకా వస్తుంది. బస్సు దాటేదాకా ఆగి, అప్పుడు దిగండి.

నీళ్ళలోకి దిగేముందు ఏసీ ఆపేయండి, లేకపోతే రేడియేటర్ ఫ్యాన్ నీళ్ళను ఇంజన్ మీదంతా చిమ్ముతుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగే సౌకర్యం ఉన్న బండైతే ఆ బటన్ తప్పకుండా ఆఫ్ చేయాలి. నీళ్ళ మధ్యలో ఆగి మళ్ళీ స్టార్ట్ అయ్యేది అదే. ఫస్ట్ గేరులో, యాక్సిలరేటర్ మీంచి కాలు తీయకుండా, నడక వేగంతో ఒకే తీరుగా పోనివ్వండి. మధ్యలో గేరు మార్చొద్దు. బయటికొచ్చాక బ్రేకు నాలుగైదుసార్లు మెల్లగా తొక్కితే ఆరిపోయి మళ్ళీ పట్టుకుంటుంది.

ఆగిపోతే ఇగ్నిషన్ ఆపేసి దిగండి. జనాన్ని పిలిచి న్యూట్రల్‌లో గట్టు మీదికి తోయించండి. గేరులో పెట్టి తోసి స్టార్ట్ చేద్దామనేవాళ్ళ మాట వినొద్దు, అది తాళం తిప్పినదానికంటే చెడ్డ పని. నీటి గుర్తు, నంబర్ ప్లేటు కనపడేలా ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి, లారీ మీద ఎక్కించి పంపండి. ఎలక్ట్రిక్ కారైతే నారింజ రంగు వైర్ల జోలికి పోకండి, ఛార్జింగూ పెట్టొద్దు. బ్యాటరీకి నీళ్ళ రక్షణ రేటింగుగా చెప్పే ఐపీ67 అంటే మీటరు లోతులో అరగంట అని అర్థం, రాత్రంతా మురుగులో నానడం కాదు.

షెడ్డులో ముందు ఇంజన్ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ లాగి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉన్నా, మట్టం పెరిగినా నీళ్ళు కలిసినట్టే. స్పార్క్ ప్లగ్గులు, డీజిలైతే ఇంజెక్టర్లు విప్పి, ఇంజన్‌ను చేత్తో తిప్పి నీళ్ళు బయటికి పోనివ్వాలి. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్చి, కాసేపు నడిపాక ఆయిల్ ఇంకోసారి మార్చాలి. బ్రేక్ ఫ్లూయిడ్, గేరు ఆయిల్ కూడా చూడమనండి. రిపేరు అంచనా ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75 శాతం దాటితే రిపేరు మాట ఉండదు, టోటల్ లాస్ కింద లెక్క తేలుస్తారు.

కేబిన్‌ను పైపైన తుడిచి ఇచ్చేస్తే ఒప్పుకోవద్దు. సీట్లు విప్పి కార్పెట్ పైకి లాగించండి. పైన ఆరినట్టే ఉంటుంది, కింద ఫోమ్ పిండితే నల్లనీళ్ళు కారతాయి. వాసన మొదలయ్యేది, వైర్ల కనెక్టర్లకు పచ్చచిలుము పట్టేది అక్కడే. ఆఖరున సీటుబెల్టును చివరిదాకా లాగి చూడండి. చుట్టలో లోపలున్న భాగానికి మట్టి చార కనిపిస్తే సబ్బునీళ్ళతో తుడిచి, క్లిప్పు పెట్టి బయటే ఆరనివ్వండి. తడిగా లోపలికి పోనిస్తే బురద చుట్టలో గట్టిపడుతుంది, బెల్టు పట్టేస్తుంది.